మా కుక్కకి నలభై పేజీల వెనకమాట

సాహిత్య విమర్శకుడు లేని ఇల్లు ఇల్లే కాదండీ! ఇంటికో రైస్ కుక్కర్, ఇంటికో కిమ్చీ పచ్చడి ఫ్రిజ్ ఉన్నట్టే ఇంటికో విమర్శకుణ్ణి ప్రభుత్వమే సరఫరా చెయ్యాలని ఈ పత్రికాముఖంగా డిమాండ్ చేస్తున్నాను.

నవ్వకండి. మీ ఆవిడ "ఉప్పు అయిపోయింది" అంటుంది. మీరేం చేస్తారు? చెప్పులేసుకుని కొట్టుకి పరిగెడతారు. పామరులు! అదే పక్కన ఓ విమర్శకుడు ఉంటేనా? ఆ ఉప్పు ఏ ఉప్పు, అయిపోవడమంటే ఏమిటి, అయిపోయిందని చెబుతున్న ఆ గొంతు అసలెవరిది అని ఆలోచిస్తూ సుఖంగా పడుకునేవారు. పులుసు చప్పగా ఉంటుంది, కాదనను. కానీ ఆ చప్పదనంలో ఎంత లోతు!

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, విమర్శ వల్ల బాగుపడ్డ కుటుంబం మాది. నా పేరు పియో సంగ్‌దాల్. సియోల్‌కి దూరంగా, కొండల నడుమ జెచన్‌లో ఉంటాను. కవిని. నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. మొదటి మూడింటి రుచి మా అటక మీద ఎలకల్ని అడగాలి. నాలుగోది మాత్రం దేశమంతా మారుమోగింది. అది నా గొప్ప కాదు, మా కుక్క గొప్ప. నిజానికి కుక్కది కూడా కాదు, కుక్క లేకపోవడానిది.

నిరుడు వానలు మొదలైన రోజున ఓ ఉరుము ఉరిమింది చూడండీ, మా నురుంజీ గోడ దూకి పారిపోయింది. నురుంజీ అంటే తెలుసుగా, కుండ అడుగున పట్టే మాడన్నం. ఒళ్లంతా తెలుపు, వీపు మీద సరిగ్గా ఆ రంగు మచ్చ. మా ఆవిడ ఓక్‌బున్ దాన్ని కళ్లు తెరవని పిల్లప్పుడు తెచ్చి పాలపీకతో పెంచింది. ఊరంతా వెతికాం. కొండవాగు దాకా పోయి గొంతులు పోయేలా అరిచాం. లేదు. ఆ రోజు నుంచి ఓక్‌బున్ సరిగ్గా అన్నం తినడం మానేసింది. అన్నంలో నీళ్లు పోసుకుని రెండు ముద్దలు మింగి, లేచిపోయి, కుక్క గిన్నె కడిగి, మళ్లీ గుమ్మం పక్కనే బోర్లించేది.

"ఏవండీ, మార్కెట్ వంతెన దగ్గర ఓ బ్యానర్ కట్టించండి. దాని ఫోటో, మీ ఫోన్ నంబరు. అంతే" అంది.

బ్యానర్! మన దేశంలో కొడుకు పరీక్ష పాసైనా బ్యానరే, కొత్తగా నూడుల్స్ కొట్టు పెట్టినా బ్యానరే. కవి పెళ్లాం అడగాల్సిన కోరికేనా అది?

"పిచ్చిదానా, బ్యానర్ని వంతెన కింద పోయేవాళ్లే చూస్తారు. కవిత రాస్తే దేశం చూస్తుంది" అన్నాను.

"దేశం మొత్తం ఎందుకండీ? కుక్కని చూసినవాడు ఒక్కడు చూస్తే చాలు."

నేను అప్పటికే కలం తీశాను. ఆ కవిత ఇది.

తెల్ల కుక్క.
ఎడమ చెవి చిరిగి ఉంటుంది.
వీపు మీద మాడన్నం రంగు మచ్చ.
ఉరుముకి భయపడి గోడ దూకింది.
నురుంజీ అని పిలిస్తే వస్తుంది.
కనిపిస్తే దయచేసి ఫోన్ చెయ్యండి.

దాని కింది పాదంలో నా ఫోన్ నంబరు, పదకొండంకెలూ వేశాను. ఆఖరి పాదం: మా ఆవిడ అన్నం తినడం లేదు.

ఇందులో మీకు అర్థం కానిది ఏమైనా ఉందా? ఉందండీ! బోలెడుంది. అది చెప్పడానికే విమర్శకులున్నారు.

మన దగ్గర వెనకమాట లేని కవితల పుస్తకానికీ, లాగు లేకుండా బజార్న పడ్డ మనిషికీ పెద్ద తేడా లేదు. ముందు కవి రాస్తాడు. అతను ఏం రాశాడో వెనక విమర్శకుడు చెబుతాడు. పాఠకుడు నేరుగా వెనక్కి తిప్పి, విమర్శకుడు చెప్పింది చదువుకుని, పుస్తకం మూసేసి తృప్తిగా నిట్టూరుస్తాడు. ఎంత సుఖం! కవితలు చదివే శ్రమ కూడా తప్పింది.

మా ప్రచురణకర్త "బ్యోన్ తేగిల్‌గారు వెనకమాట రాస్తేనే మీ పుస్తకం వేస్తాం" అన్నాడు. ప్రొఫెసర్ బ్యోన్ అలంకారశాస్త్రంలో డాక్టరు. పదవీ విరమణ చేశాక సియోల్ గోల పడలేక, మా కొండకి అవతల సరస్సు పక్కన ఓ చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉంటున్నారు. ఆయన ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి బతిమాలితే ఒప్పుకున్నారు. ఆకులు ఎర్రబడే వేళకి నలభై పేజీలు వచ్చాయి. నా కవిత ఎనిమిది పాదాలు. పుస్తకంలో ఇంకా కవితలున్నాయి గానీ, ఆయన వాటి జోలికి పోలేదు.

మొదటి వాక్యమే అదిరిపోయింది. "ఈ కవితలో కుక్క లేదు."

నిజమే కదా! ఉంటే నేను రాసేవాణ్ణే కాదు. ఆ తర్వాత ఒక్కో ముడీ విప్పుకుంటూ పోయారు. తెలుపంటే తెల్లబట్టల మన పూర్వీకులు. చిరిగిన చెవి అంటే రెండు ముక్కలైన దేశం. ఎడమ చెవే ఎందుకు? ఎందుకో విజ్ఞులకి వేరే చెప్పక్కర్లేదు. వీపు మీద మచ్చ యుద్ధంలో తగలబడ్డ పల్లె. గోడ దూకడమంటే వాక్యం తన హద్దు దాటడం. నేను నిజంగా అదిరిపోయాను. ఆ గోడ మా మావగారు సిమెంటు ఇటుకలతో కట్టించింది.

ఇక ఫోన్ నంబరుకే ఏడు పేజీలు! "సున్నా, ఒకటి, సున్నా. ముందు శూన్యం, నడుమ ఒక్క మనిషి, తర్వాత మళ్లీ శూన్యం. మానవ జీవితాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన పాదం మన కవిత్వంలో లేదు. ఈ పిలుపుకి జవాబు ఉండదు. ఉండకూడదు."

ఓక్‌బున్ అది చదివి, "దేశంలో అందరి సెల్ నంబరూ సున్నా ఒకటి సున్నాతోనే కదండీ మొదలయ్యేది?" అంది.

"విమర్శకి అడ్డు రాకు" అన్నాను.

ఆఖరి పాదం గురించి ప్రొఫెసర్‌గారు ఒక్క మాటే రాశారు. "మా ఆవిడ అన్నం తినడం లేదు అన్నది అనవసరమైన వాస్తవికత. కవి దీన్ని కొట్టేసి ఉంటే బాగుండేది." ఓక్‌బున్ ఆ పేజీ మీద చెయ్యి ఆనించి చదివింది. తర్వాత నలభై పేజీలూ మళ్లీ మొదట్నుంచి తిప్పింది.

"ఏం వెతుకుతున్నావ్?"

"ఇంత రాశాడు కదా, ఎక్కడైనా చూశానని రాశాడేమోనని."

చూశారా అమాయకత్వం! కానీ అదృష్టం తలుపు తట్టింది. ఆ వెనకమాట మహిమవల్ల నా కవితని సియోల్ మెట్రోవాళ్లు ప్లాట్‌ఫాం అద్దాల తలుపుల మీద అంటించారు. రోజుకి ఎన్ని లక్షలమంది! ఓక్‌బున్ మొహం చాన్నాళ్లకి విప్పారింది. ఇన్ని లక్షల కళ్లలో ఒక్క జత కళ్లయినా మా కుక్కని చూసి ఉండవా? ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టి, గంట గట్టిగా మోగేలా చేసి, ఆ ఫోన్ చుట్టూ మేమిద్దరం చలికాచుకుంటున్నట్టు కూర్చున్నాం.

మోగింది! ఎవరో అమ్మాయి.

"హలో... అయ్యబాబోయ్, ఇది నిజంగా మోగుతోందా?"

"మోగుతోందమ్మా, మోగుతోంది! చెప్పు తల్లీ, ఎక్కడ కనిపించింది?"

"ఏది?"

"కుక్క!"

"కుక్కా? నేను పరిశోధన చేస్తున్నానండీ. మీ కవితలో పిలుపుకి జవాబు లేదని మూడో అధ్యాయం మొత్తం రాశాను. ఊరికే చేసి చూశా. మీరు ఎత్తేశారు! ఇప్పుడు నా అధ్యాయం ఏం కాను?"

"అమ్మా, కుక్క కనిపించిందా లేదా?"

"మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటా, ఇంకెప్పుడూ ఎత్తకండి. మా గైడుగారు కూడా చేసి చూస్తారు" అని పెట్టేసింది.

ఆ ఫోన్ తప్ప ఇంకో ఫోన్ రాలేదు. గైడుగారు కూడా చెయ్యలేదు, శిష్యురాలి మీద ఆయనకి అంత నమ్మకం. లక్షలమంది రోజూ నా కవిత చదివి, తల పంకించి, తలుపు తెరుచుకోగానే రైలెక్కిపోయారు. కవిత అని పైన రాసి ఉన్నాక కింద ఉన్న మాట ఎవరు నమ్ముతారండీ?

తర్వాత అది కోచింగ్ సెంటర్ల ప్రశ్నల పుస్తకంలోకి ఎక్కింది. పక్కింటి అమ్మాయి తెచ్చి చూపించింది. చిరిగిన చెవి దేనికి సంకేతం? కింద అయిదు జవాబులు. అయిదోది "కుక్క చెవి". నేను గర్వంగా దానికి టిక్కు పెట్టాను. మర్నాడు ఎర్ర ఇంకుతో తప్పు కొట్టించుకుని తెచ్చింది పాపం. పక్కన మాస్టారి మాట, "ముందు కవి హృదయం తెలుసుకో!"

ఇంకేం, సదస్సు పెట్టకపోతే బాగుండదని మా ఊరి సాంస్కృతిక భవనంలోనే జాతీయ సదస్సు పెట్టారు. వీధికి అడ్డంగా పెద్ద బ్యానర్. "కుక్క లేని కవిత, జాతీయ విద్వత్సదస్సు". దాన్ని చూసి ఓక్‌బున్ నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"కుక్క లేదని కట్టించడానికి బ్యానర్ దొరికింది. కుక్కని వెతకడానికి మాత్రం దొరకలేదు" అంది. నేను బూటు లేసు కట్టుకున్నాను. నా బూట్లకి లేసులు లేవు.

సదస్సులో పండితులు విజృంభించారు. ఒకాయన ఆ కుక్క మా అమ్మ అన్నాడు. ఇంకొకాయన కాదు, నాన్న అన్నాడు. మూడో ఆయన నిర్మాణం చూడాలి గానీ బంధుత్వాలు చూడకూడదని బల్ల గుద్దాడు. ఓ పెద్దావిడ "దయచేసి" అన్న ఒక్క మాట మీద పొద్దున్నంతా మాట్లాడి, అది ఎవర్నీ ఉద్దేశించింది కాదని తేల్చింది. ఈయన సిద్ధాంతం ఆయన కాదన్నాడు, ఆయన సిద్ధాంతం ఈవిడ కాదంది. కందకు లేని దురద కత్తిపీటకి బాగా పట్టింది.

ఉండబట్టలేక లేచి నిలబడ్డాను. "అయ్యా, నేనే ఆ కవిని. మా కుక్క నిజంగానే తప్పిపోయింది. మీలో ఎవరైనా చూశారా?"

హాలంతా నా వైపు తిరిగింది. తర్వాత చప్పట్లు! అధ్యక్షుడు కళ్లు తుడుచుకుంటూ, "కవిగారు తన కవితని మన కళ్లముందే అభినయించారు" అన్నాడు. నాకు శాలువా కప్పారు.

ఇక పంటల పండగ ఛూసోక్ వచ్చింది. వెనకమాట రాసిన పెద్దమనిషికి పండక్కి బేరిపండ్ల పెట్టె ఇవ్వకపోతే మర్యాద కాదు. నాకు కారు నడపడం రాదు కాబట్టి ఓక్‌బున్ నడిపింది. సరస్సు పక్కన ఇంటిముందు ఆపి, "నేను దిగను. నా అన్నం అనవసరమన్న మనిషి మొహం నేను చూడను" అంది. పెట్టె మోసుకుని నేనే లోపలికి వెళ్లాను.

ప్రొఫెసర్‌గారు గదిలో నేల మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఓ కుక్క గాఢంగా నిద్రపోతోంది.

తెల్ల కుక్క. ఎడమ చెవి చిరిగి ఉంది. వీపు మీద మాడన్నం రంగు మచ్చ.

నా చేతిలో పెట్టె జారింది. బేరిపండ్లు గదంతా దొర్లాయి.

"రండి పియోగారూ. భయపడకండి, కరవదు. దీని పేరు బుజే" అన్నారాయన. బుజే అంటే లేనితనం. మా కవిత మీద రాస్తున్న రోజుల్లో పెట్టారట!

"ఇది... ఇది మీ దగ్గరికి ఎప్పుడొచ్చిందండీ?"

"నిరుడు వానల్లో. తడిసి ముద్దై గుమ్మంలో నిలబడింది. అప్పట్నుంచీ ఇదే నాకు తోడు. మీ కవిత మీద రాసినన్నాళ్లూ నా కాళ్ల మీదే పడుకుంది."

"దీని ఎడమ చెవి చూశారా?"

"చూశాను. చిరిగింది. పాపం."

"వీపు మీద మచ్చ?"

"ఉంది. ఏం?"

"ప్రొఫెసర్‌గారూ, నా కవిత మీరు చదివారు కదా?"

"చదవడమేమిటి, కంఠతా వచ్చు!" అని ఆయన కళ్లు మూసుకుని, ఆ చిరిగిన చెవినే వేళ్లతో నిమురుతూ అందుకున్నారు. "తెల్ల కుక్క. ఎడమ చెవి చిరిగి ఉంటుంది..."

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. ఈయన వెతకను కూడా వెతకలేదండీ! చంకలో పెట్టుకుని, పిల్లాడు లేడని నలభై పేజీలు రాశారు.

"...నురుంజీ అని పిలిస్తే..."

కుక్క చటుక్కున లేచింది. ఇన్నాళ్లూ ఆయన కవితని మనసులోనే చదువుకున్నారు కాబోలు, పైకి అనడం అదే మొదలు. నన్ను చూసింది, వాసన చూసింది, ఇక మొరుగుడు చూడండీ, ఇల్లు ఎగిరిపోయింది!

"ఆశ్చర్యం! శబ్దాలంకారాలకి దీనికి ఇంత స్పందన ఉందని ఇప్పుడే చూస్తున్నాను" అన్నారాయన.

బయట కారు తలుపు దభాలుమంది. ఓక్‌బున్ చెప్పులతోనే లోపలికొచ్చేసింది. మన దేశంలో ఇల్లు తగలబడుతున్నా చెప్పులు విప్పకుండా ఎవరూ ఇంట్లో అడుగు పెట్టరు. "నురుంజీ!" అని ఒక్క అరుపు అరిచి నేల మీద కూలబడింది. అది ఎగిరి ఆవిడ మీద పడింది. "దొంగమొహమా, ఇక్కడ కూర్చున్నావా, లావెక్కావే, నన్ను మర్చిపోయావా" అని దాన్ని కొడుతూ, ముద్దులు పెడుతూ, వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ప్రొఫెసర్‌గారి మొహం పాలిపోయింది. అయినా విద్య విద్యే కదా. గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, కవితలో కుక్క వేరు, ఈ కుక్క వేరు. రెండూ ఒకటేననుకోవడం మొదటి ఏడాది పిల్లలు చేసే పొరపాటు."

"ఇది మా కుక్కండీ!"

"అది మీవారి అభిప్రాయం. పుస్తకం అచ్చయిన క్షణాన రచయిత చచ్చిపోయినట్టే లెక్క. దీని మీద ఆయన మాట చెల్లదు."

ఓక్‌బున్ ముక్కు తుడుచుకుని లేచింది.

"చచ్చిపోతే పోయాడు. ఆయన పెళ్లాం ఇంకా బతికే ఉంది. కుక్క ఆవిడది."

ఇంత పదునైన ఖండన విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. ఆయన దొర్లిన బేరిపండు ఒకటి తీసి తుడుస్తూ ఉండిపోయారు. మేం కారెక్కేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

ఆ పూట ఓక్‌బున్ వంటింట్లో గిన్నె పక్కనే కూర్చుని అన్నం తింది. నీళ్లు పోసుకోకుండా, కూర కలుపుకుని, మారు వడ్డించుకుని తింది. నేను తినలేదు. చూస్తుంటేనే కడుపు నిండిపోయింది.

విమర్శ వల్ల లాభం లేదనేవాళ్లు ఇప్పుడు చెప్పండి! మా కుక్కని ఏడాదికి పైగా పక్కటెముకల పులుసు పోసి పెంచిందెవరు? విమర్శ కాదూ?

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. చలి ముదిరి, కిమ్చీ కోసం క్యాబేజీలు ఉప్పులో నానబెట్టే రోజులొచ్చాయి. ఓ సాయంత్రం ఫోన్ మోగింది. తెలియని నంబరు. సున్నా, ఒకటి, సున్నా. ముందు శూన్యం, తర్వాత శూన్యం, నడుమ ఉన్న ఆ ఒక్క మనిషి ప్రొఫెసర్ బ్యోన్ తేగిల్‌గారు.

"ప్రొఫెసర్‌గారా! నా నంబరు ఎక్కడిదండీ మీకు?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"అదే నంబరు కదయ్యా, మీ కవితలో ఉన్నదే" అని నసిగారు. ఆ నంబరుకి కుక్క గురించి ఫోన్ చేసిన మొట్టమొదటి మనిషి ఆయనే. "బుజే... అదే, మీ కుక్క... అన్నం తింటోందా?"

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఇలాంటి అవకాశం కవికి జన్మకోసారి వస్తుంది.

"అన్నం అంటే ఇక్కడ ఏ అర్థంలో వాడుతున్నారండీ?"

"పియోగారూ..."

"తినడమన్నది అనవసరమైన వాస్తవికత కదండీ? పైగా ఈ అడుగుతున్న గొంతు అసలు ఎవరిది? దీనికి జవాబు ఉండకూడదేమో?"

"ఓరి నాయనా, గొంతు లేదు, గాడిదగుడ్డూ లేదు! కుక్కంటే కుక్క! అన్నమంటే అన్నం! తిందా లేదా అని అడుగుతున్నానయ్యా!" అని ఆయన అరిచారు. ఏడుస్తున్నారు. కొత్తగా కడిగి పెట్టుకున్న ఖాళీ గిన్నె ఒకటి ఆయన గుమ్మంలోనూ ఉండే ఉంటుంది.

మన విమర్శలో ఇంతకంటే గొప్ప మాట నేను వినలేదు. రెండో ముద్రణలో ఆ నలభై పేజీలూ పీకేసి ఈ ఒక్క మాటే వేయించాలని నేను ఆలోచిస్తుండగానే ఓక్‌బున్ ఫోన్ లాక్కుంది.

"తింది ప్రొఫెసర్‌గారూ. ఇప్పుడే తిని పడుకుంది. ఆదివారం రండి, మీరూ తిందురుగాని. వస్తూ వస్తూ కాస్త ఉప్పు పట్రండి. అయిపోయింది. మా ఆయన్ని పంపితే ఆలోచిస్తూ పడుకుంటాడు."

ఇక ఆయన మొదలెడతారని నేనూ ఫోన్‌కి చెవి ఆనించాను. ఏ ఉప్పు? అయిపోవడమంటే ఏమిటి?

"క్యాబేజీలకా అమ్మా? అయితే రాళ్లుప్పు తెస్తాను" అన్నారు ప్రొఫెసర్‌గారు.